పైకెత్తిన చేతులు

పద్మమ్మ స్నానం ముగించి, ఉతికిన చీరను పిండి భుజాన వేసుకుని మేడ మెట్లెక్కింది. ఎంకపల్లిలో వాళ్ల మేడ మిగిలిన ఇళ్లకంటే ఎత్తు. అక్కడినుంచి చూస్తే ఇంటి వెనక తమ సాగు ఆపిన పడావు చెలక, దానిని ఆనుకుని తూర్పున బుచ్చయ్య తమ దగ్గర కౌలుకు తీసుకుని చేస్తున్న చామంతి మడి, ఆ పైన ఫామ్‌హౌసుల ప్రహరీలు కనబడతాయి. ఆమె దండెం మీద చీర ఆరేసి, పై అంచుకు క్లిప్పులు పెట్టి, కింది అంచును గాలికి వదిలేసింది.

"పద్మా! చీర ఎటు?" చెలకలోంచి భర్త కేకేశాడు.

"తూర్పుకు పోతున్నది. మెల్లగనే ఉన్నది."

"మంచిగైంది. నేను దిగేదాక తియ్యకు."

ఆ ఇంట్లో ఈ మాటలు రోజూ వినబడేవే. బాల్‌రాజ్ అరవై దాటిన రైతు. రెండేళ్లుగా పారామోటారుతో ఎగురుతున్నాడు. వీపున పంకా తిప్పే ఇంజను, నెత్తిన గాలి నిండిన గుడ్డ రెక్క, ఆ రెంటి నడుమ తాళ్లకు వేలాడే మనిషి. ఆ యంత్రమంతా అంతే. ఎదురుగాలికి పరుగెత్తి లేవాలి, ఎదురుగాలికే దిగాలి. గాలి ఎటు వీస్తోందో పైనున్నవాడికి కనబడాలని, చేవెళ్లలో విద్య నేర్పిన జయరాజ్ ఒక గుడ్డ గొట్టం ఇచ్చాడు. కట్టిన కొద్ది రోజులకే కోతులు దానిని పీలికలు చేశాయి. ఆ తరువాత పద్మమ్మ చీరే ఆయనకు గాలి గుర్తయింది. చీర తూర్పుకు ఎగిరితే తూర్పునుంచి, బుచ్చయ్య మడి మీదుగా చెలకలోకి దిగుతాడు.

"అత్తమ్మా, మామయ్యకు చాయ్ ఇప్పుడియ్యాల్నా, ఆకాశంల తాగుతరా?" కోడలు సమత మెట్ల కిందినుంచి అడిగింది.

"దిగినంకనే తాగుతడు. మూత పెట్టు."

పద్మమ్మ ఆ యంత్రాన్ని మొదట అసహ్యించుకుంది. నేర్చుకునే రోజుల్లో భర్త మోకాళ్లు చీరుకుపోయి ఇంటికొచ్చేవాడు. ఒకసారి రెక్క తుమ్మచెట్టుకు చిక్కింది. ఒకసారి గాలిలోనే ఇంజను ఆగి, ఎవరి వరిమడిలోనో బురదలో కూర్చుండిపోయాడు. ఆ రోజు ఆమె రెండు పూటలు అన్నం ముట్టలేదు. అయినా ఆపమని గట్టిగా అనలేకపోయింది. దానికి కారణం ఉంది. రోడ్డు పక్క తమ భూములు ఒక్కొక్కటే అమ్ముడుపోయిన తరువాత బాల్‌రాజ్ గడప దాటడం మానేసి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. పిలిస్తే ఊ అనేవాడు, లేదంటే అదీ లేదు. అటువంటి మనిషి పైకి లేవడం మొదలుపెట్టాక దిగివచ్చి ఆమె పక్కన కూర్చుని మాట్లాడసాగాడు.

"పైనుంచి చూస్తే హద్దులు కనబడయి పద్మా. మనం అమ్మిందీ అమ్మందీ ఒక్కతీరుగనే ఉన్నది. బొంత పరిచినట్టు" అన్నాడొకనాడు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. ఆ మరునాటినుంచి ఆమె పొద్దున్నే మేడ మీద చీర ఆరేయడం అలవాటు చేసుకుంది.

ఆ రోజు కూడా బాల్‌రాజ్ నేల మీద పరిచిన రెక్కను లాగుతూ పరుగెత్తాడు. రెక్క తల మీదికి లేచింది, పంకా హోరెత్తింది, కాళ్లు నేలను విడిచాయి. పద్మమ్మ ఊపిరి బిగబట్టి, ఆయన ఇంటి మీదుగా వెళ్లాక వదిలింది. ఎన్నిసార్లు చూసినా ఆ ఒక్క క్షణం ఆమెకు అలవాటు కాలేదు.

ఫామ్‌హౌసుల మీదుగా ఒక చుట్టు తిరిగి ఆయన తూర్పునుంచి మళ్లాడు. అప్పుడే పద్మమ్మ చూపు చామంతి మడి మీద పడింది. మొక్కలింకా చిన్నవి. సాళ్ల నడుమ కలుపు తీయడానికి బుచ్చయ్య గుంటుక కట్టాడు. పాత ఎద్దుకు జతగా ఒక కొత్త కోడె ఉంది. దానికింకా కాడి మరగలేదు. అందుకే పగ్గాలను మణికట్టుకు చుట్టుకున్నాడు. ఇంజను హోరు దగ్గరపడుతుంటే కోడె చెవులు నిక్కించి గింజుకుంది. బుచ్చయ్య తల పైకెత్తి, రెండు చేతులూ ఎత్తి, అటూ ఇటూ బలంగా ఊపాడు.

పైనున్న బాల్‌రాజ్ కూడా చెయ్యెత్తి ఊపాడు. ఊపి, ఇంకా కిందికి వచ్చాడు.

మడి మీదుగా రెక్క నీడ పాకింది. కోడె ఒక్క ఉదుటున దుమికింది. గుంటుక బోర్లపడింది, పాత ఎద్దు పక్కకు ఒరిగింది. చుట్టుకున్న పగ్గాలతో బుచ్చయ్య సాళ్ల మీదుగా ఈడ్చుకుపోయి, గట్టు మీది రాళ్ల కుప్పకు కొట్టుకుని ఆగాడు. బాల్‌రాజ్ అప్పటికే దాటిపోయాడు. ఆయన వెనక్కి చూడలేదు. వెనక్కి చూడవలసింది ఏదైనా ఉందని ఆయనకు తెలియదు.

పద్మమ్మ మెట్లు దిగి మడికి పరుగెత్తింది.

పక్క చేన్లలోని వాళ్లు పరుగెత్తుకొచ్చి బుచ్చయ్యను ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. తొడ ఎముక విరిగింది. పద్మమ్మ ఇల్లు చేరేసరికి బాల్‌రాజ్ మడికి దూరంగా ఇంటి కొసన దిగి, ఆ గోల వినకుండానే రెక్క మడిచి, హెల్మెట్ చంకన పెట్టుకుని, చాయ్ తాగుతూ వాకిట్లో కూర్చున్నాడు. ఆయన ముఖం వెలుగుతోంది.

"పద్మా, ఇయ్యాల ఒక ముచ్చట. ఎన్నడు తల ఎత్తనోడు, బుచ్చయ్య, నన్ను చూసి రెండు చేతులెత్తి ఊపిండు! రెండు చేతులు! పాపం, సంబరపడ్డట్టున్నడు. నేను గూడ జర కిందికొచ్చి ఊపిన."

ఆమె నోరు తెరిచేలోపు కొడుకు ప్రశాంత్ గేటు తోసుకుని లోపలికి వచ్చాడు. "బాపు, బుచ్చయ్యను కోడె ఈడ్చింది. దవాఖానకు తీస్కపోయిన్రు."

బాల్‌రాజ్ చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. "అయ్యో! ఇప్పుడే గదరా నాకు చెయ్యూపె! పద పద, బండి తియ్యి."

తండ్రి లోపలికెళ్లి బట్టలు మార్చుకుంటుంటే పద్మమ్మ కొడుకును పెరట్లోకి పిలిచి తాను చూసింది చెప్పింది. ప్రశాంత్ ముందు గోడ అవతలికి తొంగి చూశాడు. ఆ ఏడు సర్పంచ్ పదవికి నిలబడాలని ఇల్లిల్లూ తిరుగుతున్న మనిషి అతడు.

"ఇంకెవరన్న చూసిన్రా అమ్మా?"

"నేను చూసిన. చాలదా?"

"నువ్వు ఎవరికీ చెప్పకు. దవాఖాన సంగతంత నేను చూస్కుంట. మంచి డాక్టర్‌కు చూపిస్త. గాని మాట బయటపడితే ఎదుటోళ్లు ఇంటింటికి మోస్తరు. బాపుకైతే అసలే చెప్పకు. మల్ల మంచం పడితె ఎవరు లేపాలె?"

గోడవైపు తిరిగిన ఆ వీపు ఆమె కళ్ల ముందు కదిలింది. ఆ పూటకు ఊరుకుంది. ఊరుకున్నందుకు తనను తాను క్షమించుకోలేదు.

మరునాటినుంచి దండెం మీద చీర పడలేదు. ఆమె బట్టలన్నీ పెరట్లో, గోడ మాటున ఆరేసింది.

"పద్మా, చీర ఏది?"

"లేదు."

"లేదంటే?"

"ఇయ్యాల ఎగరకున్రి."

బుచ్చయ్య మీది బెంగతో అలా అంటోందనుకున్నాడు బాల్‌రాజ్. ఆయనా దవాఖానకు రెండుసార్లు వెళ్లి వచ్చాడు. బుచ్చయ్య అటు తిరిగి పడుకుని, "కోడె బెదిరింది పటేలా" అన్నాడే తప్ప మరొక మాట చెప్పలేదు. ఊళ్లో ఆ మాటే పాకింది. కోడె పొగరుదని, కాడికి పనికిరానిదని, పగ్గాలు చేతికి చుట్టుకోవడం బుచ్చయ్య తెలివితక్కువని నలుగురూ తీర్పు చెప్పారు. ఆ తీర్పును అందరికంటే గట్టిగా చెప్పినవాడు ప్రశాంత్.

బుచ్చయ్య కాలికి కట్టుతో ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు, ఒక పొద్దున సమత పాలు తీసుకుని వస్తూ కబురు మోసుకొచ్చింది.

"అత్తమ్మా, బుచ్చయ్య కోడెను సంతకు తోలుతున్నరట. ట్రాలీ గూడ వచ్చింది. బంగారమసొంటి కోడె. ఎవరు కొంటరో, ఏం చేస్తరో."

పద్మమ్మ చీపురు పక్కన పడేసింది. ఆమె నేరుగా వాకిట్లోకి వెళ్లింది. బాల్‌రాజ్ ఇంజనుకు పెట్రోలు పోస్తున్నాడు. ప్రశాంత్ ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"ఆ కోడె తప్పు చెయ్యలేదు" అంది పద్మమ్మ.

"ఏ కోడె?" అన్నాడు బాల్‌రాజ్.

ప్రశాంత్ ఫోన్ చెవినుంచి తీశాడు. "అమ్మా!"

"నువ్వూకో ప్రశాంత్. ఊకున్నకాడికి చాలు." ఆమె భర్తవైపు తిరిగింది. "ఆ రోజు కోడెను బెదిరించింది మీరు. నేను మేడ మీద ఉన్న, నా కండ్లతోటి చూసిన. మీరు మడి మీదికి అంత కిందికొచ్చిన్రు. అది దుమికింది."

బాల్‌రాజ్ పెట్రోలు డబ్బా పక్కన పెట్టాడు. "పిచ్చిపట్టిందా? వాడు నన్ను రమ్మని చేతులూపిండు!"

"రమ్మని కాదు. పొమ్మని."

"నీకెట్ల తెలుసు?"

"మీకెట్ల తెలుసు?"

"ఎవరు జూసినా చేతులే ఊపుతరు నాకు! పిల్లలు ఊపుతరు, పూలు తెంపే ఆడోళ్లు ఊపుతరు. ఇన్ని రోజులు అందరు ఊపింది సంబరానికి, వాడొక్కడు ఊపింది తిట్టడానికా?" ఆయన గొంతు లేచింది. "నువ్వు మొదటిసంది నా ఎగుర్డు ఓర్వలేదు. చీర తీసేసినవ్. ఇప్పుడు గిట్ల నేరం మోపుతున్నవ్. నేను మల్ల గోడ దిక్కు తిరిగి పంటె నీకు సంబరమా పద్మా?"

ఆ మాటకు సమత తలుపు చాటున నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది.

"మీరు నవ్వితె చూడాలనే గిన్ని రోజులు నోరు మూసుకున్న" అంది పద్మమ్మ. "కాని ఒకరి కాలిరగ్గొట్టి నవ్వే నవ్వు నాకొద్దు. జయరాజ్ మీకేం నేర్పిండు? మనుషుల మీద, పశువుల మీద కిందికి రావద్దని మీరే గదా నాకు చెప్పిన్రు?"

"బాపు, లోపటికి పా. అమ్మ మనసు మంచిగలేదు" అన్నాడు ప్రశాంత్.

బాల్‌రాజ్ ఎవరి మాటా వినలేదు. యంత్రాన్ని భుజానికెత్తుకుని విసవిసా చెలకలోకి నడిచాడు. చీర లేకపోయినా ఎగరగలనని ఆ నడకే చెబుతోంది.

ఇంజను హోరు లేచేసరికి పద్మమ్మ ఇంట్లో లేదు. చెలక గట్టు దాటి, చెప్పులు లేకుండా, చామంతి మడిలోకి నడిచింది. బుచ్చయ్య ఈడ్చుకుపోయిన చోట సాళ్లు ఇంకా చెరిగే ఉన్నాయి. విరిగిన మొక్కలు ఎండిపోయి మట్టికి అంటుకున్నాయి. ఆమె సరిగ్గా అక్కడ నిలబడింది. ఆయన తూర్పునుంచి మళ్లుతుండగా రెండు చేతులూ పైకెత్తింది. ఎత్తి, అటూ ఇటూ ఊపింది.

పైన రెక్క ఒకసారి ఇటు, ఒకసారి అటు ఒరిగింది. బాల్‌రాజ్ ముందు కొంచెం కిందికి వచ్చాడు. చెయ్యి సగం లేచి ఆగిపోయింది. మళ్లీ పైకి పోయాడు. ఆమె చుట్టూ పెద్ద వలయం తిరిగాడు. ఆమె చేతులు దించలేదు. భుజాలు పీకుతున్నా ఊపుతూనే ఉంది. ఆయన రెండో చుట్టు తిరిగాడు. ఉన్నట్టుండి ఇంజను ఆగిపోయింది. తానే ఆపేశాడు.

ఆయన మడిని వదిలి చెలకవైపు జారాడు. గాలి ఎటుందో చూసుకోలేదు, చూపే చీరా లేదు. గాలి వెనకనుంచి తోస్తుంటే నేల ఆయన కాళ్ల కిందినుంచి వేగంగా పరుగెత్తింది. రెండడుగులు పరుగెత్తబోయి బోర్లపడ్డాడు. రెక్క ముందుకు కూలి, ఆయనను కొంత దూరం ఈడ్చి, ముళ్లపొదకు తట్టుకుని ఆగింది.

పద్మమ్మ అరవలేదు. పరుగెత్తింది. ఆమె చేరేసరికి బాల్‌రాజ్ మోకాళ్ల మీద లేచి కూర్చున్నాడు. పంకా రెక్కలు విరిగాయి. అరచేతులు చెక్కుకుపోయి నెత్తురు, మన్ను కలిసి ఉన్నాయి. ఆయన హెల్మెట్ తీసి ఆమె ముఖంలోకి చూశాడు.

"పద్మా, నన్ను రమ్మన్నవా, పొమ్మన్నవా?"

"పైనుంచి తెలువలేదా?"

"తెలువలేదు. రెండు సుట్లు తిరిగిన. నువ్వు నా భార్యవు, నలభై ఏండ్ల సంది చూస్తున్న. అయినా తెలువలేదు."

ఆమె ఆయన పక్కన మట్టిలో కూర్చుని, కొంగుతో ఆ అరచేతుల్లోని మన్ను తుడవసాగింది. తుడుస్తుంటే బాల్‌రాజ్ ఏడ్చాడు. భూములు పోయినప్పుడు కూడా ఏడవని మనిషి, విరిగిన పంకా పక్కన కూర్చుని, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"వాడు పొమ్మంటుంటె నేను చెయ్యూపిన పద్మా. నవ్వుకుంట ఊపిన."

"లేవున్రి" అంది ఆమె, కళ్లు తుడుచుకుని. "ట్రాలీ ఇంక పోలేదు."

బుచ్చయ్య వాకిట్లో పదిమంది గుమిగూడి ఉన్నారు. కోడె ట్రాలీ ఎక్కనని మొరాయిస్తోంది. బుచ్చయ్య మంచం మీద కాలు చాపుకుని, దానివైపు చూడకుండా కూర్చున్నాడు. నర్సింగ్ చదువుతున్న అతని కూతురు మనోజ్ఞ మందులు పట్టుకుని పక్కన నిలబడి ఉంది. మన్ను కొట్టుకున్న బట్టలతో, కుంటుతూ వచ్చిన పటేల్‌ను చూసి అందరూ దారిచ్చారు. వెనకే ప్రశాంత్, సమత కూడా వచ్చారు.

"కోడెను ఎక్కియ్యకున్రి" అన్నాడు బాల్‌రాజ్. "దాని తప్పు లేదు. బుచ్చయ్య తప్పు లేదు. దాన్ని బెదిరించింది నేను. ఎగురుకుంట మడి మీదికి కిందికొచ్చిన. చెయ్యొద్దని నాకు నేర్పిన పనే చేసిన."

ప్రశాంత్ తల దించుకున్నాడు.

బుచ్చయ్య మొదటిసారి ఆయన కళ్లలోకి చూశాడు. "నేను అరిసిన పటేలా. గొంతు పోయేదాక అరిసిన."

"ఇంజన్ సప్పుడుల నాకు ఇనబడలే."

"చేతులూపిన."

"చూసిన. నేను గూడ ఊపిన."

"నువ్వు ఊపినంక నేనింకేం చెయ్యాలె, చెప్పు?"

పద్మమ్మ ముందుకొచ్చి అడిగింది: "ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు బుచ్చయ్యా?"

"చెప్తె నాకు మడి ఉంటదా అమ్మా?"

ఆ ప్రశ్న ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. తన నోరు మూయించింది భర్త మీది ప్రేమ. ఇతని నోరు మూయించింది తమ ఇంటి మీది భయం. రెండో దాని ముందు మొదటిది ఏపాటిదో ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది.

"మడి నీదే" అన్నాడు బాల్‌రాజ్, అందరికీ వినబడేలా. "దవాఖాన సంగతి నాది. అది దయ కాదు. తప్పు నాది గనుక."

"తప్పు నాదంటే అయిపాయెనా?" మనోజ్ఞ గొంతు చీల్చుకుని వచ్చింది. "మా నాయిన మునుపటోలె నడుస్తడో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నడు. చామంతికి కలుపు పట్టింది. ఎవరు చేస్తరు?"

"ఊకో బిడ్డా" అన్నాడు బుచ్చయ్య.

"ఊకోవద్దు" అన్నాడు బాల్‌రాజ్. "ఆ పిల్ల అడిగింది నాయం. అయిపోదు బిడ్డా. మీ నాయిన లేచి నిలబడేదాక ఆ మడిల గుంటుక నేను తోలుత. ఈ కోడెతోనే. అప్పటిదాక రెక్క మూట విప్ప."

బుచ్చయ్య సరేననలేదు, వద్దనలేదు. కోడెవైపు చూసి, "దాన్ని ఎడమ పక్క కట్టాలె. కుడి పక్క కడితె గింజుకుంటది" అన్నాడు. మనోజ్ఞ వెళ్లి కోడె తలుగు ట్రాలీనుంచి విప్పింది.

ఆ పూట ప్రశాంత్ అన్నం తినలేదు. తల్లితో మాట్లాడటానికి కొన్ని రోజులు పట్టింది. చివరికి ఒకనాడు వంటింటి గడప మీద కూర్చుని, "ఓట్లు పోతె పోనీగని అమ్మా, బుచ్చయ్య మొఖం చూడనీకి నాకే మనసొప్పుతలేదు. నేను గూడ వస్త బాపుతోని" అన్నాడు. సమత పళ్లెంలో ఇంకొక రొట్టె వేసి, "ముందు కాడి ఎత్తుడు నేర్చుకో. కోడె నిన్ను చూస్తె మల్ల బెదురుతది" అంది. చాలా రోజుల తరువాత ఆ ఇంట్లో నవ్వు వినబడింది.

ఇప్పుడు పద్మమ్మ మళ్లీ పొద్దున్నే మేడ మీద చీర ఆరేస్తోంది. విరిగిన పంకా కొట్టంలో గోనెపట్టా కింద ఉంది. బుచ్చయ్య చేతికర్రతో గట్టుదాకా వచ్చి, రాయి మీద కూర్చుని, కోపంగానో ఓపికగానో చెప్పలేని గొంతుతో పటేల్‌కు సాళ్లు చూపిస్తుంటాడు. కింద మడిలో, పాత ఎద్దుకు ఎడమ పక్కన కోడెను కట్టి, బాల్‌రాజ్ గుంటుక వెనక నడుస్తుంటాడు. నడుస్తూ నడుస్తూ, అలవాటు చొప్పున తలెత్తి చీర ఎటు ఎగురుతోందో చూస్తాడు. చూసి, మళ్లీ సాలు మీదికి వంగుతాడు.

ఒకనాడు అలా తలెత్తినప్పుడు పద్మమ్మ చెయ్యెత్తి ఊపింది. బాల్‌రాజ్ ఎద్దులను ఆపాడు. నుదుటి మీద చెయ్యి అడ్డుపెట్టుకుని, తొందరపడకుండా, ఆమెవైపు చాలాసేపు చూశాడు. తరువాత గుంటుక వదిలి, ఎద్దులను గట్టు నీడన కట్టేసి, "రా బుచ్చయ్యా, అన్నానికి పిలుస్తున్నది. నిన్ను గూడ" అని అతనికి భుజం అందించాడు.